99 బెలూన్ల నేనా: జర్మనీలో ఒక లెక్క, బయట మరో లెక్క

2023 ఫిబ్రవరి 4న చైనా నిఘా బెలూన్‌ను అమెరికా యుద్ధ విమానం దక్షిణ కరోలైనా తీరంలో కూల్చింది. ఆ తర్వాత వారం రోజులకే అలాస్కా మీద, కెనడాలోని యూకాన్ మీద, హ్యూరన్ సరస్సు మీద ఎగురుతున్న మరో మూడు వస్తువులను పేల్చేశారు. ఆ మూడూ ఏ ప్రైవేటు సంస్థలవో, పరిశోధన కోసం వదిలినవో అయ్యుంటాయని కొద్దిరోజులకు అధ్యక్షుడు బైడెన్ స్వయంగా చెప్పాల్సి వచ్చింది. సరిగ్గా ఇలాంటి పొరపాటు మీదే 1983లో '99 లుఫ్ట్‌బలాన్స్' అనే జర్మన్ పాట వచ్చింది. ఆకాశంలో తేలుతున్న రబ్బరు బెలూన్లను చూసి సైన్యం బెదిరిపోతుంది, అది యుద్ధం దాకా వెళుతుంది. అందుకే బెలూన్ వార్త వచ్చిన ప్రతిసారీ ఆ పాటా, దాన్ని పాడిన నేనా పేరూ మళ్లీ బయటికి వస్తాయి.

దాంతోపాటు పాత గందరగోళమూ వస్తుంది. ఇంగ్లిష్ పత్రికలు ఆమెను ఒక్క పాటతో మెరిసి మాయమైనవాళ్ల జాబితాలో వేస్తాయి. జర్మన్ పత్రికలకు ఆమె నాలుగు దశాబ్దాలుగా వేదిక దిగని తార. రెండు మాటలకూ చార్టుల (పాటల ఆదరణను లెక్కగట్టే జాబితాల) ఆధారం ఉంది.

క్లుప్తంగా

జర్మనీ బయట నేనాకు దొరికిన విజయం పాటకు దొరికింది, గాయనికి కాదు. ఆ పాట వెనక ఉన్న మిగతా పాటలు భాష దాటలేదు. జర్మనీలో మాత్రం ఆమె రెండుసార్లు తార అయింది: మొదట 1982–85 మధ్య బృందంతో, తర్వాత 2002 నుంచి సొంతంగా, పాత పాటలనే కొత్తగా రికార్డు చేసి. మధ్యలో ఉన్న పదిహేనేళ్లకు పైగా కాలం బయటివాళ్లకు కనిపించదు. అసలు చిక్కు అక్కడే.

మనిషి పేరా, బృందం పేరా?

రెండూ. అసలు పేరు గాబ్రియేలే సుజానె కెర్నర్. పుట్టింది 1960 మార్చి 24న, పశ్చిమ జర్మనీలోని హాగెన్‌లో. మూడేళ్ల వయసులో కుటుంబంతో స్పెయిన్ వెళ్లినప్పుడు అక్కడివాళ్లు చిన్నపిల్లను పిలిచే మాట 'నీన్యా' ముద్దుపేరుగా మిగిలి, కాస్త మారి నేనా అయింది. (తెలుగులో రాస్తే ఎవరో ఆశ్చర్యపోయి అడుగుతున్నట్టు ఉంటుంది గానీ, జర్మన్ ఉచ్చారణ అచ్చంగా అదే.) నీనా హాగెన్ అనే మరో జర్మన్ గాయని ఉంది. పేర్ల పోలిక చాలదన్నట్టు, నీనా ఇంటిపేరు నేనా సొంత ఊరి పేరే కావడంతో ఇద్దరినీ కలిపేయడం మామూలైపోయింది. నీనా హాగెన్ తూర్పు బెర్లిన్‌లో పుట్టిన పంక్ (మొరటుగా, వేగంగా సాగే రాక్) గాయని. వీళ్లిద్దరికీ బంధుత్వం లేదు.

హాగెన్ రూర్ పారిశ్రామిక ప్రాంతపు అంచున ఉన్న ఉక్కు పట్టణం. చూడటానికి అందమైనదేమీ కాదు. అయినా ఎక్స్‌ట్రాబ్రైట్ అనే బృందమూ, ఐడియల్ బృందాన్ని నడిపిన అన్నెట్టె హుంపే కూడా అక్కడివాళ్లే. నేనా 1977లో చదువు పూర్తికాకుండానే బడి మానేసి కంసాలి పని నేర్చుకుంది. 1979లో ది స్ట్రైప్స్ అనే బృందంలో గాయనిగా చేరింది. వాళ్లు పాడింది ఇంగ్లిష్‌లో. ఒక ఆల్బమ్ వచ్చింది, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, బృందం విడిపోయింది. జర్మన్ గాయనిగా పేరు తెచ్చుకున్న మనిషి మొదటి ప్రయత్నం ఇంగ్లిష్‌లో జరిగి విఫలమైందన్నది గుర్తుంచుకోవాల్సిన సంగతి. ఆ ముడి తర్వాత మళ్లీ బిగుస్తుంది.

ఆ బృందంలో డ్రమ్స్ వాయించిన రోల్ఫ్ బ్రెండెల్‌తో కలిసి ఆమె పశ్చిమ బెర్లిన్ చేరింది. ఫొటోగ్రాఫర్, మేనేజర్ జిమ్ రాకెటె కార్యాలయంలో ఉద్యోగం చేస్తూ కొత్త బృందాన్ని కూడగట్టుకుంది: గిటార్‌కు కార్లో కార్గెస్, బాస్‌కు యూర్గెన్ డేమెల్, కీబోర్డుకు ఊవె ఫారెన్‌క్రోగ్-పేటర్సెన్, డ్రమ్స్‌కు బ్రెండెల్. గాయని పేరే బృందానికీ పెట్టారు. కాబట్టి 1982–87 మధ్య 'నేనా' అని రాసి ఉన్న ప్రతిదీ అయిదుగురి పని, 1989 తర్వాతిది ఒక్కరి పని. ఈ తేడా చూడకుండా రాసిన వ్యాసాల్లో అయిదుగురి పాట మొత్తం ఆమె ఖాతాలోకి వెళ్లిపోతుంది. బెలూన్ల పాట మాటలు కార్గెస్‌వి, బాణీ ఫారెన్‌క్రోగ్-పేటర్సెన్‌ది.

ఒక్క సాయంత్రంలో 40,000

మొదటి సింగిల్ (విడి పాటగా అమ్మే రికార్డు) 'నూర్ గెట్రాయ్ంట్' 1982 మేలో వచ్చింది. మూడు నెలలు దుకాణాల్లో పడి ఉంది. ఆగస్టు 17న మూజిక్‌లాడెన్ అనే టీవీ కార్యక్రమంలో నేనా ఎర్రటి పొట్టి స్కర్టు వేసుకుని ఆ పాట పాడింది. మర్నాడే 40,000 ప్రతులు అమ్ముడయ్యాయి. పాట చార్టులో రెండో స్థానం దాకా వెళ్లింది.

ఇందులో అద్భుతమేమీ లేదు, యంత్రాంగం ఉంది. అప్పటి పశ్చిమ జర్మనీలో ప్రైవేటు టీవీ ఇంకా మొదలు కాలేదు. ఉన్నవి ప్రభుత్వ రంగ చానళ్లు కొన్నే. కాబట్టి యువత కోసం వచ్చే ఒక సంగీత కార్యక్రమాన్ని దేశంలోని యువత దాదాపు అందరూ ఒకేసారి చూసేవాళ్లు. దూరదర్శన్ ఒక్కటే ఉన్న రోజుల్లో చిత్రలహరికి ఉన్న పట్టు గుర్తున్నవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

గాలి కూడా అనుకూలంగా వీస్తోంది. యుద్ధం తర్వాతి తరాలకు జర్మన్ భాషలో పాట అంటే 'ష్లాగర్', అంటే పెద్దవాళ్లు వినే తీపి పాటలు. రాక్ అంటే ఇంగ్లిషే. 1970ల చివర్లో పంక్ ప్రభావంతో చిన్నచిన్న బృందాలు రోజువారీ జర్మన్‌లో పొట్టి వాక్యాలతో పాడటం మొదలుపెట్టాయి. 1979లో సౌండ్స్ పత్రికలో ఆల్‌ఫ్రెడ్ హిల్స్‌బెర్గ్ రాసిన వ్యాసాలతో దీనికి 'నోయె డోయ్చె వెల్లె', అంటే కొత్త జర్మన్ కెరటం, అన్న పేరు స్థిరపడింది. 1982 నాటికి పెద్ద కంపెనీలు ఈ కెరటం మీద పడ్డాయి. నేనా వచ్చింది సరిగ్గా ఆ సమయానికి.

పల్లవి లేని పాట

1982 జూన్‌లో పశ్చిమ బెర్లిన్‌లోని వాల్డ్‌బ్యూనె ఆరుబయలు రంగస్థలంలో రోలింగ్ స్టోన్స్ కచేరీ జరిగింది. అక్కడ గాల్లోకి వదిలిన బెలూన్ల గుంపు దూరమవుతూ ఆకారం మార్చుకోవడం కార్గెస్ చూశాడు. అంతరిక్ష నౌకలా కనిపించిందట. ఇవి బెర్లిన్ గోడ దాటి తూర్పు వైపు వెళితే ఏమవుతుంది అన్న ఆలోచనే పాట అయింది.

దాని కట్టుబడి కాస్త దగ్గరగా చూడదగ్గది. ఇందులో పల్లవి లేదు, అన్నీ చరణాలే. మొదటి చరణం తీరిగ్గా, కథ చెబుతాను వింటావా అన్నట్టు మొదలవుతుంది. సింథసైజర్ మీద సాగదీసిన స్వరాలు, పైన గొంతు ఒక్కటే. అక్కడి నుంచి బాస్ ఊపందుకుంటుంది. ఇకపై ప్రతి చరణమూ 99 అన్న అంకెతోనే మొదలవుతుంది, పక్కన ఉన్న మాట మాత్రం మారుతూ పోతుంది: 99 బెలూన్లు, 99 జెట్ విమానాలు, 99 మంది యుద్ధ మంత్రులు, 99 ఏళ్ల యుద్ధం. అంకె కదలదు, వస్తువు పెరుగుతుంది. చిన్న పొరపాటు మెట్టు మెట్టుగా పెద్దదవడాన్ని వివరించకుండా కేవలం కట్టుబడితోనే చూపించిన పనితనం ఇది. చివర్లో వేగం మళ్లీ తగ్గి, శిథిలాల మధ్య దొరికిన ఒక్క బెలూన్‌ను వదిలేయడంతో పాట ముగుస్తుంది. వస్తువు 99 నుంచి ఒకటికి దిగేది ఈ ఒక్కచోటే.

ఈ పాట ఫలానా సంఘటన మీద రాసిందని తరచూ చెబుతుంటారు. ఎక్కువగా వినబడేది సోవియట్ అధికారి స్తనిస్లావ్ పెత్రోవ్ ఉదంతం: ఉపగ్రహ హెచ్చరిక తప్పని గ్రహించి పైవాళ్లకు దాడి సమాచారం పంపకుండా ఆగిన ఘటన. అది జరిగింది 1983 సెప్టెంబరు 26న, లోకానికి తెలిసింది 1990లలో. పాట 1983 మార్చికే పశ్చిమ జర్మనీలో మొదటి స్థానానికి చేరింది. తేదీలు చాలు, ఆ కథ నిలబడదు.

పాటకు నిజమైన నేపథ్యం క్షిపణులు. సోవియట్ ఎస్ఎస్-20 క్షిపణులకు జవాబుగా, చర్చలు ఫలించకపోతే పశ్చిమ ఐరోపాలో కొత్త అణు క్షిపణులు పెడతామని 1979 డిసెంబరులో నాటో తీర్మానించింది. అందులో 108 పెర్షింగ్-2 క్షిపణులు పశ్చిమ జర్మనీ వాటా. 1983 అక్టోబరు 22న నిరసనకారులు ష్టుట్‌గార్ట్ నుంచి నోయ్-ఉల్మ్ దాకా దాదాపు 108 కిలోమీటర్ల మానవహారం కట్టారు. సరిగ్గా నెలకు, నవంబరు 22న, పశ్చిమ జర్మనీ పార్లమెంటు బుండెస్టాగ్ 286–226 ఓట్లతో క్షిపణులకు ఆమోదం తెలిపింది. పాటలో ఈ పేర్లేవీ లేవు, పక్షాల ప్రస్తావనా లేదు. నిరసన పాట అని ముద్ర పడకుండా రేడియోలో మోగడానికి అదే వీలు కల్పించింది. కాలం చెల్లకుండా కాపాడిందీ అదే.

ఎరుపు ఎక్కడి నుంచి వచ్చింది?

జర్మన్ పాటలో బెలూన్లకు రంగు లేదు. శీర్షికలోని 'లుఫ్ట్‌బలాన్' అంటే గాలి బుడగ, పిల్లలు ఆడుకునేది. ఇంగ్లిష్ పాఠంలో అవి ఎర్రబెలూన్లయ్యాయి. దాంతో ఎరుపు అంటే కమ్యూనిజం అన్న వ్యాఖ్యానాలు పుట్టుకొచ్చాయి. అంతకంటే సాదా కారణం ఒకటి కనిపిస్తుంది. వేళ్ల మీద లెక్కపెట్టి చూడొచ్చు.

జర్మన్‌లో: నోయ్న్, ఉంట్, నోయ్న్, త్సిష్, లుఫ్ట్, బ, లాన్స్. ఏడు దెబ్బలు. ఇంగ్లిష్‌లో అదే అర్థానికి: నైన్, టీ, నైన్, బ, లూన్స్. అయిదే. బాణీలో రెండు దెబ్బలు ఖాళీ. మధ్యలో 'రెడ్' పెడితే ఆరు, మిగిలినది పాడే తీరులో సర్దుకోవచ్చు. తమిళ పాటకో హిందీ పాటకో తెలుగు డబ్బింగ్ మాటలు రాసేవాళ్లు రోజూ పడే అవస్థే ఇది: బాణీ ముందే ఉంటుంది, అర్థం దానికి తగ్గట్టు ఒదగాలి.

మాటలు రాసింది కెవిన్ మెక్‌అలే. అర్థంలో వచ్చిన తేడా రంగుకంటే పెద్దది. జర్మన్‌లో బెలూన్లు ఎక్కడివో చెప్పరు, అవి దిగంతం వైపు పోతుంటాయి, అంతే. ఇంగ్లిష్‌లో ఇద్దరు ఒక చిన్న బొమ్మల కొట్లో ఉన్న డబ్బుతో వాటిని కొని తెల్లవారుజామున వదులుతారు. జర్మన్‌లో ప్రమాదానికి మూలం విమాన దళాన్ని పంపే జనరల్, 'స్టార్ ట్రెక్' సీరియల్‌లోని కెప్టెన్ కిర్క్‌లా విర్రవీగే పైలట్లు. ఇంగ్లిష్‌లో ఒక సాఫ్ట్‌వేర్ లోపం ముందుకు వస్తుంది. మనుషుల అహంకారం కాస్తా యంత్రం తప్పిదమైంది. ఇక 'లుఫ్ట్‌బలాన్స్'తో 'హొరిజోంట్'కు కుదిరిన అంత్యప్రాస ఎలాగూ పోయింది. ఈ అనువాదం బృందానికి నచ్చలేదు, 1984లోనే ఆ మాట బయటికి చెప్పారు.

అమెరికాలో 2, బ్రిటన్‌లో 1, తర్వాత 70

అమెరికాలో లాస్ ఏంజెలెస్ ప్రాంతపు రేడియో స్టేషన్ కేరాక్ జర్మన్ రికార్డునే వేయడం మొదలుపెట్టింది, మిగతా స్టేషన్లు అందుకున్నాయి. 1984 మార్చి 3న అమెరికా పాటల చార్టు బిల్‌బోర్డ్ హాట్ 100లో రెండో స్థానానికి చేరింది. పైన వాన్ హేలెన్ బృందపు 'జంప్' అడ్డుగా నిలిచింది. అంటే అర్థం తెలియని పాటను అమెరికన్లు మూలభాషలోనే కొన్నారు. ఆస్ట్రేలియాలోనూ జర్మన్ పాఠమే మొదటి స్థానంలో ఉంది. బ్రిటన్, ఐర్లండ్, కెనడాల్లో మొదటి స్థానం దక్కింది మాత్రం ఇంగ్లిష్ పాఠానికి. బ్రిటన్‌లో మూడు వారాలు నిలిచింది.

మరి తర్వాత? 'నూర్ గెట్రాయ్ంట్' ఇంగ్లిష్ రూపం 'జస్ట్ ఎ డ్రీమ్' అదే ఏడాది బ్రిటన్‌లో 70వ స్థానం దగ్గర ఆగిపోయింది. 1985 నాటి ఇంగ్లిష్ ఆల్బమ్ 'ఇట్స్ ఆల్ ఇన్ ద గేమ్' బయట నిలబడలేదు. దీనికి కారణాలు వెతకడం కష్టం కాదు. అమెరికన్లకు నచ్చింది జర్మన్ గొంతులోని కొత్తదనం. అదే గాయని ఇంగ్లిష్‌లో పాడితే ఆ కొత్తదనం పోయి, యాస మాత్రమే మిగులుతుంది. బ్రిటన్ పత్రికలు పాటకంటే ఆమె చంకలో వెంట్రుకలు గీసుకోకపోవడం గురించి ఎక్కువ రాశాయి. అలాంటి కుతూహలంతో రెండో రికార్డు అమ్ముడవదు. పైగా బృందానికి మొదటినుంచీ బలం రోజువారీ జర్మన్ మాటల తేలికదనం. తర్జుమాలో ముందు జారిపోయేది అదే. ది స్ట్రైప్స్ నాటి పాఠం అయిదేళ్లకే మళ్లీ ఎదురైంది.

ఆస్ట్రియా గాయకుడు ఫాల్కోతో పోలిస్తే విషయం ఇంకా తేటపడుతుంది. 1986 మార్చిలో అతని 'రాక్ మీ అమడేయుస్' అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. మాటలు చాలావరకు జర్మనే, పట్టుకునే ముక్క మాత్రం ఇంగ్లిష్. రెండు భాషలనూ ఒకే పాటలో కలపడం అనే ఆ కిటుకు నేనాకు కూడా పనికొచ్చింది గానీ, 17 ఏళ్లు ఆలస్యంగా.

ఇంట్లో కెరటం విరిగింది

జర్మనీలో 1984 చివర్లో 'ఇర్గెండ్‌వీ, ఇర్గెండ్‌వో, ఇర్గెండ్‌వాన్' మూడో స్థానం దాకా వెళ్లింది. కానీ అప్పటికే కెరటం వెనక్కి తగ్గుతోంది. కంపెనీలు జర్మన్‌లో పాడే ప్రతి బృందంతోనూ ఒప్పందాలు చేసుకుని దుకాణాలను నింపేశాయి. పంక్ నుంచి పుట్టినదాన్ని పిల్లల పాటల స్థాయికి దించేశారన్న చిరాకు మొదటి శ్రోతల్లో పెరిగింది. 1986 నాటి 'ఐస్‌బ్రెషెర్' ఆల్బమ్ అమ్మకాలు మునుపటివాటి దరిదాపుల్లో లేవు. 1987లో బృందం విడిపోయింది.

ఆ తర్వాతి పదిహేనేళ్లు ఆమె ఖాళీగా లేదు. 1989లో 'వుండెర్ గెషేన్'తో సొంతంగా వచ్చింది. గోడ కూలిన మూడు రోజులకు, నవంబరు 12న, బెర్లిన్‌లో జరిగిన కచేరీలో ఆ పాట పాడటంతో అది ఆ రోజుల జ్ఞాపకంలో భాగమైంది. అదే ఏడాది ఆమె మొదటి బిడ్డ పసితనంలోనే చనిపోయాడు. తర్వాత నలుగురు పిల్లలు. 1990ల్లో పిల్లల పాటల ఆల్బమ్‌లు, టీవీ వ్యాఖ్యానం, కొన్ని సాధారణ ఆల్బమ్‌లు. పెద్ద విజయం లేదు.

పాత పాటకు కొత్త రికార్డింగ్

మార్పు సూచన 1999లోనే కనబడింది. హాంబుర్గ్ హిప్-హాప్ గాయకుడు యాన్ డిలే 'ఇర్గెండ్‌వీ...'ని తన పద్ధతిలో పాడి హిట్ చేశాడు. 1984లో చిన్నపిల్లలుగా ఆ పాట విన్న తరానికి ఇప్పుడు డబ్బు ఖర్చుపెట్టే వయసు వచ్చిందని దాంతో తేలింది.

2002లో వచ్చిన 'నేనా ఫీచరింగ్ నేనా' ఆ లెక్క మీద కట్టిందే. పాత సహచరుడు ఫారెన్‌క్రోగ్-పేటర్సెన్ నిర్మాణంలో పాత హిట్లను కొత్త వాయిద్యాలతో మొదటినుంచీ రికార్డు చేశారు. పాత రికార్డింగులు సీబీఎస్ నుంచి సోనీకి చేరినవి, కొత్త ఆల్బమ్ విడుదల చేసింది వార్నర్. పాట మీద హక్కు, రికార్డింగ్ మీద హక్కు వేరువేరు కావడం వల్లే ఇది సాధ్యపడింది. మాటలు, బాణీ రాసినవాళ్ల డబ్బు జర్మనీలో గేమా అనే సంస్థ ద్వారా వస్తుంది, ఏ రికార్డింగ్ మోగినా వాళ్ల వాటా వాళ్లదే. రికార్డింగ్ ఆదాయం మాత్రం అది ఎవరిదో వాళ్లకు. అమెరికన్ గాయని టేలర్ స్విఫ్ట్ 2021 నుంచి ఇలాగే పాత ఆల్బమ్‌లను మళ్లీ రికార్డు చేయడం ప్రపంచమంతా వార్త అయింది. దాని వెనక ఉన్నది పాత రికార్డింగుల యజమానితో తగువు. నేనాది తగువు కాదు, రెండో ఇన్నింగ్స్.

ఆ ఆల్బమ్‌లో అసలు దెబ్బ 2003 నాటి సింగిల్. 'ఇర్గెండ్‌వీ...'ని బ్రిటిష్ గాయని కిమ్ వైల్డ్‌తో కలిసి ఒక వరుస జర్మన్, ఒక వరుస ఇంగ్లిష్‌గా పాడారు. జర్మనీలో మూడో స్థానం, ఆస్ట్రియా, నెదర్లండ్స్‌లో మొదటి స్థానం. అనువాదం చేసి జర్మన్‌ను తీసేసే పద్ధతి 1984లో విఫలమైంది. జర్మన్‌ను ఉంచి పక్కన ఇంగ్లిష్‌ను నిలబెట్టే పద్ధతి ఇక్కడ నెగ్గింది.

2005లో 'లీబె ఇస్ట్' జర్మనీలో మొదటి స్థానం సాధించింది. బెలూన్ల తర్వాత 22 ఏళ్లకు దక్కిన రెండో మొదటి స్థానం. ఇది పాత పాట కాదు, కొత్తది. అది 'ఫెర్లీబ్ట్ ఇన్ బెర్లిన్' అనే రోజువారీ సీరియల్ శీర్షిక గీతం కావడం బాగా కలిసొచ్చింది. (మన దగ్గర హిందీలో వచ్చిన 'జస్సీ జైసీ కోయీ నహీ'కి మూలమైన కొలంబియా సీరియల్‌కే ఇది జర్మన్ రూపం.) వారానికి అయిదు రోజులు ఇంటింటా మోగే పాటకు వేరే ప్రచారం అక్కర్లేదు. 2009లో ఆమె సొంత లేబుల్ పెట్టుకుంది. 2011 నుంచి 'ద వాయిస్ ఆఫ్ జర్మనీ' మొదటి మూడు సీజన్లలో న్యాయనిర్ణేతగా కూర్చుని మూడో తరానికి పరిచయమైంది.

వివాదం, మిగిలిన లెక్కలు

2021 జూలై 25న బెర్లిన్ శివారు షోనెఫెల్డ్‌లో జరిగిన కచేరీలో ప్రేక్షకులు కోవిడ్ నిబంధనల ప్రకారం గుర్తించిన చోట్లలోనే ఉండాలి. నేనా వాళ్లను ఎవరిష్టం వాళ్లదని చెప్పి ముందుకు రమ్మనడంతో నిర్వాహకులు కచేరీని మధ్యలో ఆపేశారు. టీకా వేసుకున్నవాళ్లనూ, కోలుకున్నవాళ్లనూ మాత్రమే అనుమతించే నియమం కింద పాడనంటూ 2022 పర్యటనను ఆమే రద్దు చేసుకుంది. దీనివల్ల జర్మనీలో ఆమె పేరు రెండు వర్గాల వాదనగా మారింది. అమెరికాలో, బ్రిటన్‌లో దీని ఊసు పెద్దగా లేదు. అక్కడ ఆమెకు సంబంధించిన కాలం 1984 దగ్గరే ఆగి ఉంది మరి. అమెరికాలో ఆమె మొట్టమొదటి కచేరీలు జరిగినవే 2016లో, పాట హిట్ అయిన 32 ఏళ్లకు.

పాట మాత్రం గాయనితో పనిలేకుండా తిరుగుతూనే ఉంది. 2000లో గోల్డ్‌ఫింగర్ బృందం పంక్ బాణీలో పాడింది. 2006 మార్చిలో కత్రీనా తుఫాను సహాయం కోసం వీహెచ్1 క్లాసిక్ చానల్ విరాళానికి పాట వేస్తామంటే, ఒకరు 35,000 డాలర్లు కట్టి గంటసేపు ఈ పాట జర్మన్, ఇంగ్లిష్ వీడియోలే మార్చిమార్చి వేయించారు. 2025 అక్టోబరులో బెలారస్ వైపు నుంచి దొంగ సిగరెట్లు మోసుకొచ్చిన బెలూన్ల వల్ల లిథువేనియా రాజధాని విల్నియస్ విమానాశ్రయం పలుమార్లు మూతపడింది. పొరుగుదేశాల మధ్య బెలూన్ తగువు కేవలం కల్పన కాదని మళ్లీ తేలింది.

ఇలా మోగిన ప్రతిసారీ డబ్బు ఎవరికి, ఎంతకాలం? ఐరోపా నియమాల ప్రకారం 1983 నాటి రికార్డింగ్ మీద హక్కు విడుదలైన 70 ఏళ్ల దాకా, అంటే 2053 చివరి వరకు. మాటలు, బాణీ మీద హక్కు అంతకంటే చాలా పొడవు. కవి, స్వరకర్తల్లో ఆఖరున పోయినవాళ్ల మరణం నుంచి 70 ఏళ్లు లెక్కిస్తారు. కార్గెస్ 2002 జనవరిలో, 50 ఏళ్ల వయసులో, కాలేయం దెబ్బతిని చనిపోయాడు. ఫారెన్‌క్రోగ్-పేటర్సెన్ నేనా ఈడువాడే, అదే 1960లో పుట్టినవాడు. ఆయన ఉన్నన్నాళ్లూ ఆ 70 ఏళ్ల లెక్క మొదలే కాదు.